పసుపు పూసిన కవర్లు

తినే అన్నం మీద ఒట్టు. తాగే నీళ్ళ మీద ఒట్టు. మూడు రోజులకొకసారి కొళాయి వచ్చే ఊళ్ళో నీళ్ళ మీద ఒట్టు పెట్టుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. అయినా పెట్టుకుంటున్నాను. ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవలసి వస్తోందంటే, బేతంచెర్లలో నా మాటకున్న పరపతి అలాంటిది. మా ఊరి చుట్టూ నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలే. ఆ తెల్లదుమ్ము పడి పడి మా కాకులన్నీ కొంగల్లా అయిపోయాయనీ, తద్దినాల నాడు పిండం ముట్టడానికి నల్లకాకి దొరక్క మైదుకూరు నుంచి సంచిలో వేసుకొచ్చామనీ ఒకసారి లారీల అడ్డా దగ్గర చెప్పాను. అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వలేదు. మరుసటి ఏడు వాళ్ళ నాయన తద్దినానికి రెండు రోజుల ముందు మా ఇంటికొచ్చి, "అన్నా, ఆ కాకి ఇంగా ఉండాదా?" అని అడిగాడు. ఆ తర్వాత నేను పొద్దు పొడిచిందని చెప్పినా జనం తూర్పుదిక్కు చూసుకునిగానీ నమ్మడం లేదు.

అలాంటి నేను, బండల అంగడి పెట్టుకుని బతికేవాణ్ణి, నలభై ఎనిమిదో ఏట ఒక కథ రాశాను. సినిమా కథ. నా జన్మలో అబద్ధం కలపకుండా చెప్పిన కథ అదొక్కటే.

అది మా అక్క కథ. మా బావ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ దుమ్ము పీల్చి పీల్చి రెండేళ్ళు దగ్గి దగ్గి పోయాడు. నెల తిరక్కుండా అక్క అదే ఫ్యాక్టరీలో, అదే మిషను దగ్గర పనికి చేరింది. సాయంత్రం ఇంటికొస్తుంటే తల నుంచి కాలి దాకా తెల్లగా, నడిచే బొమ్మలా ఉండేది. కళ్ళు మాత్రమే నల్లగా కనబడేవి. లారీకి ఎత్తే ముందు ఎవరూ చూడకుండా కొన్ని బండల వెనకవైపు బొగ్గుముక్కతో చిన్న ముగ్గు వేసేది. ఆ వైపు ఎలాగూ సిమెంటులో మునిగిపోతుంది. ఎందుకే అక్కా అంటే, "ఈదిలో ఏసే ముగ్గును రోజూ తొక్కుతారు. ఇది ఎవురూ తొక్కలేరు గదరా" అనేది.

ఒకసారి కర్నూలులో ఒక పెద్ద ఇంటికి మా అంగడి నుంచే బండలు వెళ్ళాయి. అక్క చేతి మీదుగా పోయిన బండలే. వేసిన తర్వాత ఎట్లా ఉన్నాయో చూడాలని అక్కకు ఒకటే ఆశ. తీసుకెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే, నీళ్ళిచ్చారు. కానీ లోపలికి రమ్మనలేదు. అక్క గడప బయటే నిలబడి, నడవా వైపు మెడ సాచి, అద్దంలా మెరుస్తున్న ఆ నేలను చాలాసేపు చూసింది. తర్వాత నా చెవిలో, "ఇప్పుడే తడిగుడ్డ పెట్టినారు, అందుకే అంత తళుకు. కిటికీ కింద మూడో బండ ఆరినాక పాలిపోతాది చూడు. ఆ పొద్దు నాకు జరమొచ్చి సరిగ్గా పట్టల్యా" అని చెప్పి పగలబడి నవ్వింది. ఆ ఇల్లాలు బిత్తరపోయింది. అంతే కథ. అక్కడితో అయిపోతుంది.

రాసి అక్కకు చదివి వినిపించాను. వింటూ చెనిక్కాయలు వలిచింది. అయిపోయాక ఒకటే మాట అడిగింది.

"తెరమీద నన్ను ఏడిపీయవు గదా?"

"లేదక్కా."

"అయితే పంపుకో."

పంపడం దగ్గర మొదలైంది రోత.

సినిమావాళ్ళకు ఉత్తరం ఎట్లా రాయాలో ఫోను వీడియోలో ఒక కుర్రవాడు పాఠం చెప్పాడు. అతను ఒక సినిమాకైనా రాశాడో లేదో చెప్పలేదు గానీ నిర్మాతకు రాసే మొదటి వాక్యమే అతని కాలర్ పట్టుకోవాలన్నాడు. మా వైపు కాలర్ పట్టుకున్నాక జరిగేది కథ కాదు, పంచాయితీ. పాఠం వదిలేసి నాకు తెలిసిన పద్ధతిలోనే రాశాను: "మహారాజరాజశ్రీ నిర్మాత గారి సముఖమునకు, ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, అక్క కథ ఒక పేజీలో కుదించి, అడుగున ఫోను నంబరు వేశాను. అంగట్లో బండ మీద నీళ్ళు చల్లి చూపించడం మా వృత్తిధర్మం. నీళ్ళు పడితే మట్టిరాయి కూడా మరకతంలా కనబడుతుంది. తెలివైన కొనుగోలుదారు బండ ఆరేదాకా బీడీ తాగుతూ కూర్చుంటాడు. ఈ ఉత్తరం మీద మాత్రం నేను చుక్క నీరు చల్లలేదు. ఎట్లుందో అట్లే పంపాను.

సినిమా కంపెనీల చిరునామాలున్న డైరీ ఒకటి సంపాదించి, వరసబెట్టి పోస్టు చేశాను. కొందరికి ఈమెయిలు, కొందరికి వాట్సాప్. ఎదురు చూశాను. ఉత్తరాలు అందినట్టు వాచ్‌మన్లు సంతకాలు పెట్టారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఒక ఆఫీసు కవరు విప్పకుండానే తిప్పి పంపింది. దాని మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా ముద్ర పడి ఉంది. మా అక్క కథ మీద వాళ్ళు టీ పెట్టుకున్నారు. విప్పి చదివి బాగాలేదని చెత్తబుట్టలో వేసినా నాకింత ఏవగింపు కలిగేది కాదు. బుట్టకైనా ఒక మర్యాద ఉంది. టీ గ్లాసుకు పీట వేయడమేమిటి?

ఆ కవరు చూసి అక్క నన్నే తిట్టింది.

"నాలుగు మూలలా పసుపేదిరా దీనికి?"

"ఇది పెండ్లి పత్రిక కాదక్కా."

"ఒరే, పసుపుంటే పెండ్లి కాయితం. మూల చింపుంటే సావు కాయితం. ఏమీ ల్యాకుంటే బ్యాంకోళ్ళ నోటీసు. శుభమో అశుభమో తెలీని కవరును ఏ ఇంటోళ్ళు తెరుస్తారురా? నీకెవురు నేర్పినారు రాత?"

ఆమె మాటలో నాకు తప్పు దొరకలేదు. మళ్ళీ కవర్లు రాశాను. అక్క అరుగు మీద పసుపు గిన్నె పెట్టుకుని కూర్చుని, ప్రతి కవరుకూ నాలుగు మూలలా వేలితో అద్ది, నడుమ కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఎండలో ఆరబెట్టి, మోపుగా కట్టి పోస్టాఫీసుకు తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర గుమాస్తా మోపు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏమప్పా, పెండ్లా? ఎవురికి?"

"నా కథకు."

"కథకు పెండ్లేందప్పా? నీ మాట ఏదీ తిన్నగుండదు. మాకు మాత్రం కార్డు ఇయ్యవు, యాడోళ్ళకో హైదరాబాదుకు పంపుతాండావు."

పక్కన వరుసలో ఉన్నాయన అందుకున్నాడు. "ఆయన పిలిస్తే మాత్రం పోతావా సార్? పొయ్యి చూస్తే మండపమే ఉండదు."

నమ్మినా నమ్మకపోయినా సరే, పది రోజులు తిరిగేసరికి జవాబులు మొదలయ్యాయి. పసుపు కవరును తెరవని ఆఫీసు లేదు. తెరిచారు గానీ లోపలిది చదవలేదు. ఒక నిర్మాతగారు ఖరీదైన కాగితం మీద, షూటింగు ఒత్తిడి వల్ల వివాహానికి హాజరు కాలేకపోతున్నందుకు చింతిస్తూ, నూతన వధూవరులను ఆశీర్వదించారు. ఇంకో కంపెనీవారు ఏకంగా గోడగడియారం పంపారు. దాని మధ్యలో వాళ్ళెప్పుడో తీసిన, మా ఊళ్ళో రెండో ఆటకే ఎత్తేసిన సినిమా బొమ్మ. నాయకుడి మీసం మీదుగా చిన్నముల్లు తిరుగుతూ ఉంటుంది. పరిచయం లేని మనిషి పెళ్ళికి గడియారం పంపే తీరిక ఉంది వీళ్ళకు. అదే మనిషి రాసిన ఒక పేజీ చదివే తీరిక లేదు. ఆ గడియారాన్ని అటక మీద పారేశాను. అక్కడ కూడా అది టిక్కుటిక్కుమంటూనే ఉంది, సిగ్గులేకుండా.

తర్వాత ఒక ఫోను వచ్చింది. ఏదో కంపెనీలో కథలు వినే ఉద్యోగమట ఆ అబ్బాయికి.

"అన్నా, మీ పెళ్ళి కార్డులో ఏదో కథ వచ్చింది. ప్రింటింగ్ మిస్టేకా?"

"కథేనప్పా. కార్డే మిస్టేకు."

"అవునా! పైన బేతంచెర్ల అని చూశాను. మీది సీమే కదా? మేం లొకేషన్లు చూడ్డానికి గురువారం కడప వస్తున్నాం. వచ్చి కలవండి. నెరేషన్ ఇద్దురు గానీ."

అక్క తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు కాల్చి, చెనిక్కాయల పొడి పొట్లం కట్టి ఇచ్చింది. "ఆ పిల్లోనికి గూడా పెట్టు. దూరంనుంచి వచ్చుంటాడు" అంది. బస్సు ఎక్కేముందు మళ్ళీ అదే మాట. "ఏడిపీయొద్దని చెప్పు. మరిసిపోవద్దు." మైదుకూరులో బస్సు మారి, పొద్దెక్కేసరికి కడపలో దిగాను. స్టేషన్ రోడ్డులో వాళ్ళు దిగిన హోటలు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ హోటల్లో ఏసీ చలికి రొట్టెలు గట్టిపడ్డాయి. వాటి పొట్లం నేను బయటికి తీయనేలేదు. తీయనివ్వలేదు కూడా నా సిగ్గు.

ముప్పై ఏళ్ళుంటాయేమో ఆ ఫోను చేసిన అబ్బాయికి. నిక్కరు వేసుకుని, నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి ఎత్తిపెట్టుకున్నాడు. కథ మొదలుపెట్టమని చెయ్యి ఊపి, ఫోనులో బొమ్మలు కిందికి పైకి జరుపుకోసాగాడు. నేను కంఠం సవరించుకుని, బావ దగ్గు నుంచి అక్క నవ్వు దాకా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను తలెత్తాడు.

"అన్నా, బ్లడ్ ఏది?"

"ఉండాది సార్. మిషన్లో ఆమె వేలు నలిగినప్పుడు..."

"వేలు కాదన్నా. సీమ కథ అంటున్నారు, తెగిన తల లేదు, తెల్లబండ్లు లేవు. ఆ మొగుడు దగ్గి ఎందుకు చావాలి? థియేటర్లో అంతసేపు దగ్గు వింటే జనం లేచిపోతారు. బాంబు వేయించండి. అవతలి వర్గం నాయకుడు వేయిస్తాడు. ఆమె జుట్టు విరబోసుకుని ఆ బండ మీద తల కొట్టుకుని ఏడుస్తుంది. అక్కడ ఇంటర్వెల్. ఆ బండ మీదే ప్రమాణం చేస్తుంది."

"ఆమె ఏడవదు సార్."

"ఆడమనిషి ఏడవకపోతే ఎట్లా అన్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "అబ్బాయ్, మా సీమలో మనుషులు నీళ్ళు లేక అల్లాడుతున్నారు, రక్తం లేక కాదు. చేతనైతే సినిమాలో ఒక బిందె నీళ్ళు చూపించు. ఇంత దూరం వచ్చి మా కొండలూ గుట్టలూ చూస్తున్నావు, వాటి మధ్య బతికే మనిషిని చూడవా? మా అక్క కన్నీళ్ళు అమ్మకానికి లేవు" అన్నాను. హోటల్లో అందరూ తిరిగి చూశారు. టీ తెచ్చిన సర్వరు భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. మూల బల్ల దగ్గరున్న పెద్దాయన "శభాష్" అన్నాడు. కథ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచాను.

ఇక్కడ ఆగాలి. ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి చెప్పక తప్పదు.

పసుపు నిజం. గడియారం నిజం, అటక ఎక్కి చూసుకోవచ్చు. ఆ నల్లకళ్ళద్దాల అబ్బాయి చెప్పిన మాటలు, అక్షరం మార్చలేదు. నేను కల్పించింది ఒక్కటే: లేచి నిలబడటం. నేను లేవలేదు. ఆ ఉపన్యాసం మైదుకూరు దాటాక, తిరుగు బస్సులో, కిటికీకి తల ఆనించుకుని తయారుచేసుకున్నది. సర్వరు కళ్ళొత్తుకోలేదు, తువ్వాలుతో బల్ల తుడిచాడు. మూల బల్ల దగ్గర పెద్దాయనే లేడు. అతను "ఆడమనిషి ఏడవకపోతే ఎట్లా అన్నా" అన్నప్పుడు నేను అన్న మాట, "అదీ నిజమేలెండి సార్." అట్లా మూడుసార్లు అన్నాను. మూడోసారి నవ్వాను కూడా.

పదిహేను రోజులు కూర్చుని బాంబు రాశాను. సిగ్గుచేటైన సంగతి ఏమంటే, బాగా రాశాను. అబద్ధమాడటం నాకు వచ్చిన పని కదా. బావ చెనిక్కాయల బండి తోలుకొస్తుంటే వంక మలుపులో తెల్లబండ్లు అడ్డం రావడం, పొగ, బండ మీద రక్తం. అక్కకు జుట్టు విరబోయించాను. ఏడిపించాను. మూడు పేజీలు ఏడిపించాను. ఫోనులో ఆ అబ్బాయికి పంపి, రెండు నీలం టిక్కులు పడ్డాక, గొప్ప పని చేసినవాడిలా అక్క దగ్గరికి వెళ్ళాను.

"చదువు" అంది.

"ఎందుకులే అక్కా. కొంచెం మార్చినాను."

"చదువురా."

చదివాను. బాంబు దగ్గరికి రాగానే నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. ఆమె వలుస్తున్న చెనిక్కాయలు చేటలో వదిలేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏడుపు పేజీలు మూడూ పూర్తి చేశాను. ఆ ఆడమనిషి నన్నెందుకు పోలి లేదురా అనో, నన్నెందుకు ఏడిపించినావనో తిడుతుందని అనుకున్నాను. ఏడుపు మాటే ఎత్తలేదు.

"మీ బావను ఎవురు సంపినారురా?" అంది.

"కథలోనా? అవతలి వర్గం..."

"కథలో కాదు."

నేను కాగితాలు బోర్లా పెట్టాను.

"రెండేండ్లు దగ్గినాడు. మూతికి కట్టుకోను గుడ్డ అడిగితే గూడా ఇయ్యల్యా ఆ మిషనోళ్ళు. పని నిలబడతాదని ఆస్పత్రికి పంపల్యా. సచ్చినాక వచ్చి నిలబడినోడు ల్యాడు. నువ్వేమో ఇప్పుడు యాడలేని బాంబు తెచ్చి ఏసినావు. ఆ పాపమంతా ఎవుడో ఊరూపేరూ ల్యానోని మీదికి పాయె. వాళ్ళు సేతులు కడుక్కున్న్యారు. నీళ్ళు నువ్వే పోసినావు."

ఆ సినిమావాళ్ళ మీద నాకు అప్పటిదాకా ఉన్న అసహ్యమంతా గిర్రున తిరిగొచ్చి నా మీదే పడింది. వాళ్ళకు మా బావ ఎవరో తెలియదు. నాకు తెలుసు. చివరి రోజుల్లో ఆయన్ను కూర్చోబెట్టి వీపు నిమిరినవాణ్ణి నేను. ఆ కళ్ళద్దాల అబ్బాయి రెండు మాటలు చెప్పగానే, ఆ వీపు మీద బాంబు వేసినవాణ్ణీ నేనే. కంటబడని మనుషులు కవరు మీద టీ గ్లాసు పెడితే రోత పుట్టింది. నేను చేసినదానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియలేదు.

అక్కడే, అరుగు మీదే కూర్చుని ఫోను తీశాను. మళ్ళీ ఒక ఉత్తరం. ఈసారి మహారాజరాజశ్రీలు లేవు. "సార్, నేను పంపిన కథ వాడుకోవద్దు. అది అబద్ధం. మీరు బాంబు తీసేసి మొదటి కథే తీస్తానన్నా సరే, ఇప్పుడు ఇవ్వను" అని రాసి పంపాను. ఏమంటాడో, బెదిరిస్తాడో, బతిమాలతాడో, పని ఇంత దూరం వచ్చాక వెనక్కి పోవడమేమిటని కోప్పడతాడో అని ఫోను వైపే చూస్తూ కూర్చున్నాను. ఇన్ని నెలల్లో నా ఏ ఉత్తరానికీ రానంత తొందరగా జవాబు వచ్చింది. నిమిషం కూడా పట్టలేదు.

"ఏ కథ అన్నా?"

కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. బాంబు చదవలేదు. ఏడుపు చదవలేదు. నేను పదిహేను రోజులు కూర్చుని మా బావను చంపింది, చంపినట్టు కూడా తెలియని మనిషి కోసం.

"ఏమంటాడు?" అంది అక్క.

చదివి వినిపించాను. "అయితే ఎవురూ సూడల్యా? బతికిపోయినాం పో" అని అక్క చేట ముందుకు లాక్కుంది. కాస్త జరిగి నాకు చోటిచ్చి, సగం చెనిక్కాయలు నా వైపు తోసింది.